37వ ఫోటో

అప్పట్లో రోలుకు 36 ఫోటోలు. జాగ్రత్తగా ఎక్కిస్తే 37వది కూడా వచ్చేది, అదృష్టం బాగుంటే 38వది. కూరగాయలు కొన్నాక కొసరుగా కరివేపాకు వేసినట్టు, ఆ ఒకటి రెండు ఎక్కువొస్తే మాకు సంబరం. అందుకే 2003 వేసవిలో కోవూరులో ఒక పెళ్ళిలో, తెల్లవారుజామున మూడు దాటాక, నోట్లో 37 అని లెక్కపెట్టుకుంటూ లివర్ లాగితే అది తిరిగినప్పుడు నాకేమీ అనుమానం రాలేదు. 38కి కూడా తిరిగింది. 39కి కూడా అడ్డం లేకుండా మెత్తగా తిరిగేసరికి వీపు మీద చెమట కారింది.

ఫిల్ము కెమెరాతో పనిచేసినవాళ్ళకి ఈపాటికి అర్థమయ్యుంటుంది. మిగతావాళ్ళకి చెప్తాను. రోలు కొసను కుడివైపు చక్రంలో దూర్చి, అంచునున్న చిల్లులు పళ్ళకు పట్టేలా చూసి మూత వేయాలి. పట్టిందో లేదో మూత వేశాక కనిపించదు. దానికి ఒక్కటే గుర్తు. కెమెరా ఎడమ చివర రోలును వెనక్కి చుట్టే చిన్న గుబ్బ ఉంటుంది. ఇటు లివర్ లాగినప్పుడల్లా అటు ఆ గుబ్బ తిరగాలి. తిరగలేదంటే లోపల ఫిల్ము కదలడం లేదు. ఫ్లాష్ వెలుగుతుంది, చప్పుడు వస్తుంది, అన్నీ బాగానే ఉంటాయి. ఫిల్ము మీద మాత్రం ఏమీ ఉండదు.

ఈ మాట మామ నాకు నూరుసార్లు చెప్పాడు. మామ అంటే సొంత మేనమామే. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఆయనకి చిన్న స్టూడియో ఉండేది. 1999లో, పదిహేడేళ్ళప్పుడు, ఆయన దగ్గర లైట్ బాయ్‌గా చేరాను. వెయ్యి వాట్ల హాలోజన్ లైటు చేత్తో ఎత్తి పట్టుకుని, భుజాన వైరు చుట్టుకుని, వీడియో తీసే మామ ఎటు తిరిగితే అటు తిరగడమే నా పని. ఆ వేడికి పెళ్ళికూతుళ్ళ ముఖం మీద పౌడరు చారలు కట్టేది. ‘ఆ లైటు అటు తియ్యి నాయనా’ అనని పంతులుగారు జిల్లాలో లేరు. నాలుగేళ్ళు లైటు మోశాక స్టిల్ కెమెరా చేతికిచ్చాడు. కోవూరు పెళ్ళి నేను ఒక్కణ్ణే ఫోటోలు తీసిన మూడో పెళ్ళి.

గట్టిమేళం మొదలయ్యే ముందు రోలు అయిపోయింది. కొత్తది ఎక్కించడానికి ఒక నిమిషం కూడా లేదు. వెనకనుంచి ఎవరిదో మోచెయ్యి, ముందు అడ్డుతెర పట్టుకున్నవాళ్ళు. దూర్చాను, మూత వేశాను, గుబ్బ చూడలేదు. జీలకర్రబెల్లం, తాళి, తలంబ్రాలు, మూడూ ఆ రోలులోనే.

39 దగ్గర ఆగి, స్తంభం చాటుకి పోయి, ఊపిరి బిగబట్టి వెనక్కి చుట్టే గుబ్బను మెల్లగా తిప్పాను. అరచుట్టు తిరిగి, ఆ తర్వాత ఏ పట్టూ లేకుండా గిరగిరా తిరిగింది. అంతే. ఆ కొత్త రోలు ఇంకా కొత్తగానే ఉంది.

ఎవరికీ చెప్పలేదు. రోలు సరిగ్గా ఎక్కించుకుని, ఈసారి గుబ్బను కళ్ళార్పకుండా చూసుకుని, అప్పగింతలదాకా తీశాను. ఆ తర్వాత భోజనాల దగ్గర రెండు ఫ్రేములు మిగిలాయి. రోలు ఖాళీ అయితే పొద్దున్నే ల్యాబుకి ఇవ్వచ్చని, కనబడినదేదో కొట్టేశాను. ఒకటి బంతిలో కూర్చున్న పిల్లకాయలు. రెండోది పెళ్ళికూతురి నాన్న. రాత్రంతా కాళ్ళకు చక్రాలు కట్టుకుని తిరిగిన మనిషి, భుజాన తుండుగుడ్డ, చేతిలో సాంబారు బకెట్టు, ఎవరో ఏదో అంటే తల వెనక్కి వాల్చి నవ్వుతున్నాడు. ముందు పళ్ళలో ఒకటి లేదు.

వెనక్కొచ్చే దారిలో పెన్నా వంతెన మీద చెప్పాను. మామ కొట్టలేదు. తిట్టలేదు కూడా. బండి పక్కకు ఆపి కాసేపు నీళ్ళు లేని ఏరును చూస్తూ నిలబడ్డాడు. ‘నేను మాట్లాడతాలే’ అన్నాడు.

వారం తర్వాత ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. పెళ్ళికూతురి పెదనాన్న వీధంతా వినబడేట్టు అరిచాడు. తాళి కట్టేది మళ్ళీ చేయించి తీస్తామని అనబోయి మామ నాలుక కరుచుకున్నాడు. పెళ్ళికూతురి నాన్న మాత్రం వరి కళ్ళంలోనుంచి అప్పుడే వచ్చాడు, కాళ్ళు కడుక్కుంటూ విన్నాడు. ‘తాళి రెండోసారి కట్టిస్తామా అబ్బయా, అదయ్యే పనేనా’ అన్నాడు. కాసేపాగి, ‘వీడియోలో ఉండాది కదా, దాన్లోంచి తియ్యండి’ అన్నాడు. తీశాం. ఆ ఆల్బమ్‌లో తాళి ఫోటో, వాన పడుతుంటే కిటికీ అద్దంలోంచి చూసినట్టుంటుంది. మామ ఫోటోల డబ్బులు తీసుకోలేదు. నా జీతంలోనూ కోయలేదు. అది ఇప్పటికీ బరువుగానే ఉంది.

ఆ మరుసటి ఏడాదినుంచీ ఊళ్ళో డిజిటల్ కెమెరాలు కనిపించడం మొదలైంది. కోనికా వాళ్ళు 2006లో ఫిల్ముల వ్యాపారమే మానేస్తున్నామని ప్రకటించారు. మేము 2007లో నికాన్ డి80 కొన్నాం, పది మెగాపిక్సెళ్ళు. మామ దాన్ని మొదట నమ్మలేదు. ‘కార్డులో ఉండాదని నీకెట్టా తెలుసు, చేతికి తగలదే’ అనేవాడు. నాకు మాత్రం, కొట్టిన ఫోటో వెంటనే వెనక తెర మీద కనబడటం దేవుడిచ్చిన వరంలా అనిపించింది. ఇప్పుడు వాడే కెమెరాకు రెండు కార్డులు, ప్రతి ఫోటో రెండింటిలోనూ పడుతుంది. అయినా గట్టిమేళం వినగానే నా ఎడమచెయ్యి కెమెరా ఎడమ చివరకు పోతుంది. అక్కడ గుబ్బ లేదు.

ఇప్పుడు స్టూడియో నాదే. పెళ్ళి ఒప్పుకోవడం అంటే ఏంటో చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఫోటోగ్రాఫర్ ముహూర్తానికి వచ్చి ఫోటోలు కొట్టి పోతాడనుకుంటారు. మొదటి మాట ఎప్పుడూ ధర గురించే. రెండో మాట డ్రోన్. పోజు పెట్టించకుండా తీసే క్యాండిడ్ అంటే ఏంటని మూడో మాట. నేను అడిగేవి వేరు. ముహూర్తం ఎన్ని గంటలకి, మండపం లోపలా బయటా, పైకప్పు ఏ రంగు, షామియానా అయితే ఏ రంగు గుడ్డ. షామియానా రంగు అడగ్గానే నన్నొక పిచ్చోడిలా చూస్తారు. ఎర్ర గుడ్డ కింద పగటిపూట పెళ్ళి జరిగితే అందరి ముఖాలూ టమాటాల్లా పడతాయి. దాన్ని కంప్యూటర్‌లో సరిచేస్తే తెల్లచొక్కాలు పచ్చబడతాయి. ఆ పైన స్టేజీ వాళ్ళు పెట్టే ఊదా, నీలం లైట్లు. పసుపు రాసుకున్న ముఖం మీద నీలం లైటు పడితే చర్మం బూడిదరంగుకు తిరుగుతుంది. డెకరేషన్ కుర్రాళ్ళని బతిమాలుకుని, ముహూర్తం అరగంట మాత్రం ఆ లైట్లు ఆర్పించుకుంటాను. వాళ్ళకి టీ ఇప్పిస్తే పని తొందరగా అవుతుంది. వెనక పెద్ద ఎల్‌ఈడీ తెర ఉంటే ఇంకో గోల, షట్టర్ వేగం కొంచెం ఎక్కువైతే ఫోటోలో అడ్డంగా నల్లటి పట్టీలు వస్తాయి. ఒక ఫోటో కొట్టి, చూసి, తగ్గించుకుని, మళ్ళీ కొట్టి చూసుకోవాల్సిందే.

జీలకర్రబెల్లం పెట్టేది నాలుగైదు సెకన్లు. మనం నిలబడాల్సిన చోటు ఒక్కటే ఉంటుంది, అక్కడ మనతోపాటు వీడియో అతను, క్యాండిడ్ తీసేవాడు, పంతులుగారి చెయ్యి, ఇద్దరు మేనత్తలు, సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకున్న అమెరికా బావగారు. కింద కూర్చున్న చుట్టాలకి మా వీపులు తప్ప ఏమీ కనబడవని తిడతారు. వాళ్ళ తప్పేం లేదు. ఒక పెళ్ళిలో ఒక ముసలాయన కర్రతో నా పిక్క మీద తట్టి, ‘పెండ్లి చూడాలని వచ్చినాము సామీ, నిన్ను కాదు’ అన్నాడు. ఆ తర్వాతనుంచి ముహూర్తం టైముకి నేను కూర్చుంటాను. పీటల పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంటే వెనకవాళ్ళకి కనబడుతుంది, నాకు వాళ్ళ కళ్ళు సరిగ్గా ఎదురుగా ఉంటాయి. మోకాళ్ళు మాత్రం ఇప్పుడు ఒప్పుకోవడం లేదు. పంతులుగారితో ముందే మాట్లాడి పెట్టుకుంటే ఇంకా మేలు. ఒకాయన, తాళి కట్టేటప్పుడు తన చెయ్యి అడ్డం రాకుండా ఎడమవైపుకి జరుగుతానని తనే చెప్పాడు. ఇంకొకాయన ‘నీ కెమెరా కోసం ముహూర్తం ఆగదు నాయనా’ అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు.

ఈమధ్య మంగళస్నానాన్ని హల్దీ అంటున్నారు, దానికో డ్రెస్ కోడ్, పసుపుపచ్చ డెకరేషన్. నాకేమీ అభ్యంతరం లేదు, డబ్బులొస్తాయి. కాకపోతే ఆ షూట్‌లో మధ్యాహ్నందాకా గడిపి, గౌరీపూజ దగ్గర పిల్ల నిద్రకి తూగుతుంటే, ఆ ఫోటోలో కళ్ళు మూసుకుపోయాయని నన్నడుగుతారు.

అన్నిటికంటే కష్టమైనది, అన్నిటికంటే చులకనగా చూసేది గ్రూప్ ఫోటో. కొత్త కుర్రాళ్ళకి అదంటే నామోషీ. నాకు దానికి మనిషి కావాలి. ప్రతి ఇంట్లో అందరినీ పేరుపెట్టి పిలవగలిగే ఒక మేనత్త గానీ, పెద్దక్క గానీ ఉంటుంది. ముందురోజే ఆమెను పట్టుకుంటాను. ఆమె ‘రేయ్, రాండి రా, మళ్ళా ఎప్పుడు కూడతారు’ అంటే వస్తారు, నేను మైకులో పిలిచినా రారు. పిలిచాక కూడా ఒకరిద్దరు తక్కువవుతారు. తక్కువయ్యేది ఎప్పుడూ పనిచేసేవాళ్ళే. కొట్టుగది తాళాలు కొంగుకు కట్టుకున్న పెద్దమ్మ, వంటవాళ్ళ దగ్గర లెక్క చూసుకునే చిన్నల్లుడు. అందుకని తెల్లారుజామున నా దగ్గరి కుర్రాడికి 50 ఎం.ఎం. లెన్స్ ఇచ్చి వంటశాలకు పంపిస్తాను. ప్యాకేజీలో అది ఉండదు, ఎవరూ అడగరు. కుర్రాడికి మాత్రం ఆ టైముకి వేడి వడ దొరుకుతుంది.

పెళ్ళయ్యాక అసలు ఆలస్యం మొదలవుతుంది. మూడు నాలుగు వేల ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తాం, అందులోంచి ఆల్బమ్‌కి రెండొందలదాకా వాళ్ళు ఏరి చెప్పాలి. పెళ్ళికొడుకు బెంగళూరులో, పెళ్ళికూతురు హైదరాబాదులో, ఏరేది ఎవరు? ఒకింటివాళ్ళు రెండేళ్ళు ఏరారు. ఈలోపల పాప పుట్టింది, దాని ఉయ్యాల ఫోటోలు కూడా అదే ఆల్బమ్‌లో కలపమన్నారు. ఏరి చెప్పాక వచ్చే మాట, ‘కొంచెం తెల్లగా చెయ్యండి అన్నా’. ముఖం మీద వెలుగు కొంచెం పెంచుతాను, అంతే. అంతకుమించి చేస్తే చేతులది ఒక రంగు, ముఖానిది ఒక రంగు అవుతుంది. ఒక తండ్రి మా స్టూడియోలో కూర్చుని, ‘నా బిడ్డ నల్లగా పడింది’ అని మళ్ళీ మళ్ళీ అన్నాడు. పక్కన ఆ పిల్ల కూర్చుని ఉంది. అప్పుడేం మాట్లాడాలో నాకు తెలియక ప్రింటర్ సరిచేస్తున్నట్టు నటించాను.

ఫ్యామిలీ షూట్‌లు ఈ పదేళ్ళలో పెరిగాయి. అందరికీ మైపాడు బీచ్ కావాలి, అదీ సాయంత్రం కావాలి, వెనక సూర్యుడు నీళ్ళలో దిగుతూ ఉండాలి. ఫోన్‌లో గోవా ఫోటో చూపిస్తారు. మనది తూర్పు తీరం తల్లీ, సాయంత్రం సూర్యుడు నెల్లూరు వైపు దిగుతాడు, సముద్రంలో కాదని చెప్తే నమ్మరు. పొద్దున ఐదున్నరకల్లా రండి, నీళ్ళలోంచి లేస్తాడంటే, పిల్లలు లేవరంటారు.

ఒక కుటుంబం లేచింది. పదకొండు మంది, మూడు తరాలు, రెండు కార్లు. నేను చేసిన తప్పు, కెమెరా బ్యాగు ఏసీ పెట్టిన కారులో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళడం. దిగి మూత తీయగానే లెన్స్ మీద పొగమంచులా నీటి ఆవిరి. గుడ్డతో తుడిస్తే మళ్ళీ పట్టింది. సూర్యుడు లేచాడు, ఎర్రగా గుండ్రంగా, ఫోటోగ్రాఫర్ జీవితంలో అడిగేంత అందంగా. నేను లెన్స్‌ను ఎండకు చూపిస్తూ పావుగంట నిలబడ్డాను. అద్దం ఆరేసరికి సూర్యుడు మామూలు సూర్యుడైపోయాడు. (అప్పటినుంచి బ్యాగు వెనక డిక్కీలోనే.) వాళ్ళేమీ అనలేదు, అప్పటికే నీళ్ళలో దిగి ఉన్నారు. పిల్లలు జేజిని లాగుతున్నారు, ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, అల వస్తే వెనక్కి, పోతే ముందుకి. ఆ తొమ్మిది గజాల చీరతో ఆమె సముద్రాన్ని కసురుతున్న ఫోటో ఇప్పుడు వాళ్ళ హాల్లో ఉంది. పోజులు పెట్టి తీసిన నలభై ఎక్కడున్నాయో తెలియదు.

2024 జూలైలో ఒక జంట రొట్టెల పండగకి రమ్మన్నారు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, కోరిక ఉన్నవాళ్ళు రొట్టె అందుకుంటారు. కోరిక తీరినవాళ్ళు మరుసటి ఏడాది వచ్చి, అదే కోరిక ఉన్న ఇంకొకరికి రొట్టె ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె, అన్నీ ఉంటాయి. వీళ్ళు ముందటేడు సంతానం రొట్టె తీసుకున్నారు. ఈసారి మూడు నెలల బాబుతో వచ్చారు. బాబు తల మీద టోపీ, ఆ గోలలో కూడా నిద్ర. చెరువులో సంతానం రొట్టె కోసం కొంగు పట్టిన అమ్మాయి దొరికింది, ఇచ్చారు, ఫోటో తీశాను, ఆ అమ్మాయి బాబు కాలు ముట్టుకుని కళ్ళకద్దుకుంది. నా పని అయిపోయింది. వాళ్ళు మాత్రం ఇంకా వెతుకుతున్నారు. తమకి రొట్టె ఇచ్చినామెకు బాబును చూపించాలని. పేరు తెలియదు, ఊరు తెలియదు. ముందటేడు ఫోన్‌లో తీసుకున్న ఫోటో నాకు చూపించారు. దాంట్లో బాబు తల్లి ముఖం బాగా పడింది. రొట్టె ఇస్తున్న ఆమెది మాత్రం చెయ్యి ఒక్కటే, ఆకుపచ్చ గాజులు, మణికట్టు దగ్గర పచ్చబొట్టు. మిగతా మనిషి ఫోటో బయట ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం ముగ్గురం చెరువు చుట్టూ చేతులు చూసుకుంటూ తిరిగాం. దొరకలేదు.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పటి సంగతి వేరు. అప్పుడు నేను ఫోటోలు తీయలేదు, ఆరబెట్టాను. భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక మూడో రోజు ఒకామె యూరియా సంచిలో ఆల్బమ్ పెట్టుకుని స్టూడియోకి వచ్చింది. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత రోజుకు ఇద్దరు ముగ్గురు. ఇటుకలా బిగుసుకుపోయిన ఆల్బమ్‌లు, మధ్యలో బురద.

ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నాను. తడిసి అతుక్కున్న ఫోటోలను పొడిగా ఉన్నప్పుడు లాగకూడదు, బొమ్మ పొర ఊడి పక్క ఫోటోకి అంటుకుపోతుంది. ల్యాబులో కడిగిన పాత ఫోటోలైతే వాటి పుట్టుకే నీళ్ళలో, కాబట్టి శుభ్రమైన చల్లటి నీళ్ళలో నానబెడితే వాటంతట అవే విడిపోవడానికి అవకాశం ఉంది. బొమ్మ వైపు వేలు పెట్టకుండా అంచు పట్టుకుని తీయాలి. ఎండలో పెట్టకుండా, నీడలో, బొమ్మ పైకి ఉండేట్టు ఆరబెట్టాలి. వెంటనే చేయలేకపోతే కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అరలో పెట్టుకోవచ్చు, బూజు పట్టకుండా ఆగుతుంది. ఇంక్‌జెట్ ప్రింట్లని మాత్రం నానబెట్టకూడదు, రంగు కరిగిపోతుంది. స్టూడియోలో పెయింట్ డబ్బాలు, ప్లాస్టిక్ టబ్బులు, మా ఆవిడ ఇడ్లీపిండి గిన్నె కూడా తెచ్చి వరసగా పెట్టాను. విడిపోయినవి విడిపోయాయి, వెంటనే కెమెరాతో ఒక్కోదాన్ని ఫోటో తీసి పెట్టుకున్నాను. కొన్నిట్లో ముఖాలు కరిగి, చీర అంచు మాత్రం మిగిలింది.

ఆ సంచి తెచ్చిన ఆమె ఆల్బమ్‌లో పెళ్ళి ఫోటోలు ఒక్కటీ మిగల్లేదు. వెనక అట్ట జేబులో ఎవరో దూర్చిన ఒక చిన్న ఫోటో, వీధిలో సైకిల్ పట్టుకుని నిలబడ్డ వాళ్ళ తమ్ముడు, అది మాత్రం చెక్కుచెదరకుండా వచ్చింది. ‘వీడు పోయి పన్నెండేండ్లయిందన్నా’ అంది. పెళ్ళి ఫోటోల గురించి ఇంక అడగలేదు.

పోయినవాళ్ళ ఫోటోలు పెద్దవి చేయడం మా పనిలో చెప్పుకోని సగం. పెద్దకర్మకి రెండు రోజుల ముందు ఫోన్ వస్తుంది. ఫోటో ఏమైనా ఉందా అంటే ఆధార్ కార్డు తెస్తారు. ఆధార్ ఫోటోలో ఎవరూ తమలా ఉండరు. అప్పుడు నేను పాత హార్డ్ డిస్కులు తీస్తాను, మీ ఇంట్లో ఫలానా పెళ్ళి ఎప్పుడైంది, ఆయన ఏ రంగు చొక్కా వేసుకున్నారు అని అడుగుతాను. ఎక్కడో గ్రూప్‌లో, మూడో వరసలో, కుడివైపు చివర దొరుకుతాడు. అక్కణ్ణుంచి కోసి పెద్దది చేస్తే బియ్యం గింజలు చల్లినట్టుంటుంది, అయినా వాళ్ళు అదే పట్టుకుపోతారు. కరోనా మొదటి ఏడాది, పెళ్ళికి 50 మందికి మించకూడదన్నప్పుడు తీసిన గ్రూపుల్లో అందరికీ మాస్కులు. వాటిలోంచి ఎవరినైనా వెతకమంటే నా వల్ల కాదు.

2014లో కోవూరునుంచి అలాంటి ఫోనే వచ్చింది. గొంతు గుర్తుపట్టలేదు. పెళ్ళి ఏడాది చెప్పగానే మాత్రం కడుపులో ఏదో కదిలింది. వాళ్ళ నాన్న పోయాడు. ఫోటో లేదు. మామ నెగెటివ్‌లు పారేసేవాడు కాదు, కవర్ల మీద పెన్సిల్‌తో ఇంటిపేరు, తేదీ రాసి రేకుపెట్టెలో పెట్టేవాడు. ఆ పెళ్ళి కవరు తీశాను. చివరి రోలు, చివరి ఫ్రేము. దీపం ముందు పెట్టి చూస్తే నెగెటివ్‌లో నవ్వే నోరు తెల్లగా కాకుండా నల్లగా ఉంటుంది కదా, ఊడిన పన్ను చోటే తెల్లగా మెరిసింది. స్కాన్ చేయించి పెద్దది చేసి, సాంబారు బకెట్టు ఉంచమంటారా తీసెయ్యమంటారా అని ఫోన్ చేశాను. ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. ‘ఉండనీ అన్నా, బకెట్టు లేకపోతే మా నాయన గాదు’ అంది. డబ్బులు వద్దన్నాను. ఆమె ఒప్పుకోలేదు, మనిషితో పంపించింది.

2023 మేలో ఆమే మళ్ళీ ఫోన్ చేసింది. చిన్నకూతురి ఓణీల ఫంక్షన్. నన్నే రమ్మంది. వద్దని చెప్పడానికి రెండు సాకులు తయారు చేసుకుని కూడా ఒప్పుకున్నాను.

ఫంక్షన్ ఇంటి దగ్గరే, తాటాకు పందిరి కింద. తాటాకు సందుల్లోంచి పడే ఎండ ముఖాల మీద చారలు చారలుగా ఉంటుంది, అందుకని పైన తెల్లగుడ్డ కట్టించాను. అంతా సాఫీగా జరిగింది, చెప్పుకోవడానికి ఏమీ లేదు. చివర గ్రూప్ ఫోటో. ఎప్పటిలాగే ఒక మేనత్తను పట్టుకుని అందరినీ పిలిపించాను. మధ్యలో కుర్చీ వేసి పెళ్ళినాటి అమ్మాయి వాళ్ళ అమ్మను కూర్చోబెట్టాం. ఆమె తన పక్కన ఇంకో కుర్చీ వేయించింది, ఖాళీగా. లోపలికి పోయి, గోడ మీదనుంచి ఫోటో దించుకుని వచ్చి, దండ తీసేసి, ఆ కుర్చీలో పెట్టింది. సాంబారు బకెట్టుతో సహా.

ఫ్రేముకి అద్దం ఉంది. ఫ్లాష్ కొడితే అందులో తెల్లటి మచ్చ పడి ఆయన ముఖం కనబడదు. దగ్గరికి పోయి, ఫ్రేము వెనక పైఅంచు దగ్గర ఒక అగ్గిపెట్టె దూర్చి, అద్దం కొంచెం నేలవైపు వాలేట్టు పెట్టాను. ఇప్పుడు మెరుపు కిందికి పోతుంది. వెనక్కొచ్చి కెమెరా ఎత్తుతుంటే, రెండో వరసలోంచి ఆనాటి పెళ్ళికూతురు గట్టిగా అడిగింది:

‘అన్నా, ఈసారి గుబ్బ తిరగతా ఉండాదా?’

వాళ్ళ పెదనాన్నతో సహా అందరూ నవ్వారు. అప్పుడే నొక్కాను.